మా షెడ్డుకొచ్చిన మిలిటరీ బళ్లు

పాత మిలిటరీ బళ్లు కొని, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉన్నాయో అచ్చం అలాగే నిలబెట్టే కుర్రాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. నట్టు కూడా అసలుదే కావాలంటారు. వాళ్లలో ఒకబ్బాయి ఈ మధ్య మాటల్లో, "మీ ఆటోనగర్ వాళ్లు ఎన్ని మంచి బళ్లు పాడుచేశారో అంకుల్" అన్నాడు. కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఆ పాడుచేసిన వాళ్లలో మా మావయ్య ఒకడు. ఆయన వెనకాల పానాలు అందిస్తూ తిరిగినవాణ్ణి నేను. ఎందుకు కోశామో, ఏం కోశామో చెబితే ఆ అబ్బాయికి అర్థమవుతుందో లేదో గానీ, నాకు మాత్రం అవన్నీ ఒకసారి రాసుకోవాలనిపించింది.

మావయ్య షెడ్డు విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఉండేది. ఊళ్లో రోడ్ల పక్కన, చెట్ల కింద లారీలు బాగుచేసుకునే వాళ్లందరినీ ఒకచోటికి చేర్చడానికి 1960ల్లో పటమట పక్కన పెట్టిన పేట అది. నేను హైస్కూల్లో ఉండగా వేసవి సెలవులొస్తే మా అమ్మ గుడివాడ నుంచి నన్ను అక్కడికి పంపేసేది. ఇంట్లో ఉంటే ఎండన పడి కాలవలో ఈతలకు పోతానని ఆవిడ భయం. రేకుల షెడ్డు కింద ఎండ తక్కువ ఉంటుందని ఎలా అనుకుందో మరి. మే నెలలో పొద్దున పదకొండు దాటాక బయట వదిలేసిన పానా పట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది. అందుకే బరువు పనులన్నీ తెల్లవారుజామున, మళ్లీ సాయంత్రం నాలుగు దాటాక. మధ్యాహ్నం కూర్చుని చేసేవి మాత్రమే చేసేవాళ్లం. హెడ్డుకు పట్టిన మసి గీకడం, వాల్వులు రుద్దడం, కిరసనాయిల్లో బేరింగులు కడగడం. నాకు మొదట్లో దక్కినవన్నీ ఈ మధ్యాహ్నం పనులే.

షెడ్డు మావయ్యదే అయినా పనికి పెద్ద మా హెడ్ మెకానిక్. అందరూ భాయ్ అనే పిలిచేవాళ్లు, నేనూ అంతే. ఆయన మావయ్యను ఓనరుగారూ అనేవాడు గానీ, బండి కింద దూరిన తర్వాత మాత్రం ఓనరుగారు నోరెత్తడానికి వీల్లేదు.

మా షెడ్డుకు మామూలు లారీలే ఎక్కువగా వచ్చేవి. మిలిటరీ బళ్ల పిచ్చి మావయ్యకు వాళ్ల నాన్న దగ్గర్నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అమెరికా వాళ్ల డాడ్జిలు, షెవర్లేలు, ఫోర్డులు డిస్పోజల్స్‌లో, అంటే మిగిలిపోయిన యుద్ధ సామగ్రి అమ్మకాల్లో, అమ్మేశారు. అప్పట్లో వాటిని కొని లారీలుగా, బస్సులుగా తిప్పారు. అవన్నీ పెట్రోలు బళ్లు. తర్వాత మద్రాసులో సింప్సన్ వాళ్లు పెర్కిన్స్ పి6 డీజిల్ ఇంజన్లు తయారు చేయడం మొదలెట్టాక, చాలా డాడ్జిల్లో పెట్రోలు ఇంజన్ దించేసి పెర్కిన్స్ ఎక్కించారు. అంటే మిలిటరీ బండిని కోసి డీజిల్ చేయడం మా మావయ్య కనిపెట్టింది కాదు, ఆయనకు ముందు తరం వాళ్లే మొదలెట్టారు. నాకు ఊహ తెలిసేటప్పటికి ఆ డాడ్జిలు తుక్కుకు వెళ్లిపోయాయి. నేను చూసిందంతా శక్తిమాన్‌ల కాలం.

శక్తిమాన్ జర్మనీలోని మాన్ కంపెనీ లారీ. వాళ్ల దగ్గర లైసెన్సు తీసుకుని 1959 నుంచి జబల్‌పూర్‌లో మన రక్షణ శాఖ ఫ్యాక్టరీలో తయారుచేశారు. ముందుకు పొడుచుకొచ్చిన బానెట్, ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్, నాలుగు చక్రాలకూ డ్రైవ్, 24 వోల్టుల కరెంటు. సైన్యానికి 1990ల దాకా అదే పెద్ద దిక్కు. దాంతోపాటు జబల్‌పూర్‌లోనే నిస్సాన్ లైసెన్సు మీద వన్-టన్ ట్రక్కు, జోంగా జీపు చేసేవాళ్లు. ఆ రెండూ పెట్రోలువే, దాదాపు నాలుగు లీటర్ల ఇంజన్.

ఇవి పాతబడితే డిపోల్లో వేలం వేసేవాళ్లు. మాకు దగ్గరగా ఉండేది మద్రాసు పక్కనున్న ఆవడి. నేను ఇంటర్ పరీక్షలు రాసిన ఏడాది మావయ్య, భాయ్ నన్నూ అక్కడికి తీసుకెళ్లారు. కంచె అవతల బారులు బారులుగా ఆకుపచ్చ బళ్లు. వేలంలో సరుకు ఉన్నది ఉన్నట్టే. స్టార్ట్ చేసి చూపించమనడానికి లేదు, సగం బళ్లకు బ్యాటరీలే లేవు. అక్కడ భాయ్ చూసిన తీరు నాకిప్పటికీ గుర్తుంది. ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్‌ను బొటనవేలితో రాసి చూసేవాడు. తెల్లగా నురగలా ఉందంటే నీళ్లు కలిశాయన్నమాట, హెడ్ గ్యాస్కెట్ అన్నా పోయుండాలి, బ్లాకు అన్నా చిట్లి ఉండాలి. తర్వాత ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే పంపు దగ్గరికెళ్లి దాని సీళ్లు తెగి ఉన్నాయేమో చూసేవాడు. తెగి ఉంటే ఎవరో ముందే వేళ్లు పెట్టారని. ఆపైన ముందూ వెనకా యాక్సిళ్ల మధ్య గేర్లుండే గుండ్లు, అంటే రెండు హౌసింగుల అడుగునా చెయ్యి తిప్పి ఆయిల్ కారిందేమో చూడటం. నంబరు ప్లేటు కూడా చదివేవాడు. మిలిటరీ నంబరులో మొదట పైకి చూసే బాణం, దాని తర్వాత రెండంకెలు బండి తీసుకున్న సంవత్సరం.

"కిలోమీటర్లు చూసి మోసపోవద్దు ఓనరుగారూ, ఇనుము కొత్తది, రబ్బరు ముసలిది" అన్నాడు ఒక బండి చూసి. ఆ మాట నిజమే. సైన్యం బండి ఏళ్ల తరబడి షెడ్లో నిలబడుతుంది, అడపాదడపా తిరుగుతుంది, టైముకు గ్రీజు మాత్రం పడుతుంది. గేర్లు, యాక్సిల్ షాఫ్టులు కొత్తవాటిలా ఉంటాయి. బ్రేకు కప్పులు, హోసు పైపులు, ఆయిల్ సీళ్లు మాత్రం చేత్తో నలిపితే పొడి రాలతాయి.

రెండు శక్తిమాన్‌లు మావయ్య పాట పాడుకున్నాడు. ఒకదాని ఇంజన్‌లో ఆయిల్ తెల్లగా ఉందని తెలిసే కొన్నాడు, చౌకగా వచ్చిందని. నడిచే బండికి దాన్ని టో రాడ్డుతో తగిలించి బయల్దేరాం. సూళ్లూరుపేట దాటామో లేదో, లాగుతున్న బండి ఊపిరాడనట్టు ఎగిరెగిరిపడి ఆగిపోయింది. డీజిల్ లైన్‌లో గాలి పట్టింది. పెట్రోలు ఇంజన్‌కు లేని బాధ ఇది. డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఉండదు. గాలిని నొక్కి నొక్కి వేడెక్కించి, ఆ వేడిలోకి పంపు డీజిల్‌ను బలంగా చిమ్మితేనే మండుతుంది. లైన్‌లో గాలిబుడగ ఉంటే పంపు నొక్కేది ఆ బుడగనే, నాజిల్ దాకా బలం రాదు. భాయ్ ఫిల్టరు మీద బోల్టు వదులు చేసి చేతి పంపు కొడుతుంటే నురగ నురగగా డీజిల్ వచ్చింది. నురగ ఆగి చిక్కగా వచ్చేదాకా కొట్టి బోల్టు బిగించాడు. బండి కదిలింది. నాయుడుపేట చేరేలోపే మళ్లీ అదే తంతు.

తప్పు ట్యాంకులో ఉంది. ఏళ్ల తరబడి కదలకపోవడంతో అడుగున తుప్పు, మడ్డి పేరుకుని లోపలి జాలీకి అడ్డుపడుతోంది. డీజిల్ అందక పంపు ఏదో జాయింటు సందులోంచి గాలి పీలుస్తోంది. అక్కడ ట్యాంకు దించి కడిగే వీలు లేదు. భాయ్ బండిలోనే ఉన్న 20 లీటర్ల మిలిటరీ డబ్బా ఒకటి క్యాబిన్ నెత్తిన కట్టి, ఒక రబ్బరు పైపు దాంట్లోకి దించి, ట్యాంకు పైపు ఊడదీసి ఆ చోట దీన్ని తగిలించాడు. పైనుంచి కిందికి దానంతటదే దిగే డీజిల్ కాబట్టి పీల్చే గొడవే లేదు. డబ్బాలో ఎంత ఉందో చూస్తూ, అయిపోకముందే నింపిస్తూ రావడం నా డ్యూటీ. వెనకాల ఇంకో బండి లాగుతున్నాం కాబట్టి అది లీటరుకు మూడు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. నెల్లూరు, కావలి, ఒంగోలు, చిలకలూరిపేట... ఏ బంకునూ వదల్లేదు. ఒంగోలు దగ్గర టీ కొట్టాయన మమ్మల్ని జవాన్లనుకుని డబ్బులు వద్దన్నాడు. భాయ్ మీసం సర్దుకున్నాడే గానీ నోరు విప్పలేదు. మావయ్య గ్లాసు కింద నోటు పెట్టి వచ్చాడు.

షెడ్డుకు చేరాక మొదటి పని రంగు గీకడం. ఆ ఆకుపచ్చ రంగు సైన్యం బళ్లకు తప్ప ఇంకెవరికీ ఉండకూడదు, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది ఆ మాట. కాస్టిక్ సోడా నీళ్లు కొట్టి, పట్టీలతో గీకేవాళ్లం. పై పచ్చ కింద ఇంకో పచ్చ, దాని కింద మరొకటి. వెనక హౌసింగుకు మాత్రం తెల్ల రంగు. రాత్రిపూట కాన్వాయ్‌లో పెద్ద లైట్లు ఆర్పేసి వెళ్లేటప్పుడు ఒక చిన్న బల్బు ఆ తెల్ల గుండు మీద పడుతుంటే వెనక డ్రైవరు దాన్ని చూసుకుంటూ వస్తాడట. గీకిన తర్వాత పెయింటరు వచ్చి నారింజ రంగు వేసి, నుదుటన కనకదుర్గమ్మ బొమ్మ గీసేవాడు. ఇదిగో, ఈ దగ్గరే ఆ అబ్బాయికి కడుపు మండేది. కానీ బండి రోడ్డు మీదికి రావాలంటే ఆ పచ్చ పోవాల్సిందే కదా.

తెల్ల ఆయిల్ బండి ఇంజన్ విప్పితే భాయ్ అనుకున్నదే అయింది, బ్లాకు చిట్లింది. శక్తిమాన్ బ్లాకు బజారులో దొరికే సరుకు కాదు. దేశంలో ఇంకో డిపోలో ఇంకో వేలం జరిగి, అందులో మంచి ఇంజన్ ఉండి, అది మన పాటకు రావాలి. అప్పటిదాకా బండి షెడ్డులో నిలబెడితే దానికి అయిన డబ్బుకు వడ్డీ ఎవరు కడతారు? అదే ఆటోనగర్‌లో తుక్కుకొచ్చిన టాటా 1210 లారీ ఇంజన్ కావాలంటే రెండు వీధులు తిరిగితే చాలు. పిస్టన్లు, రింగులు, లైనర్లు, నాజిళ్లు అన్నీ ఏ కొట్టులోనైనా ఉంటాయి. టాటా వాళ్లు 1954లో జర్మనీ కంపెనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు మొదలెట్టిన నాటి నుంచి వచ్చిన వంశం ఆ ఇంజన్. జర్మన్ ఒంట్లో జర్మన్ గుండే పెడుతున్నాం అని మావయ్య జోకు.

ఇంజన్ మార్చడమంటే దించి ఎక్కించడం కాదు. టాటా ఇంజన్ వెనక భాగానికి, శక్తిమాన్ గేర్ బాక్సు ముందు భాగానికి బోల్టు రంధ్రాలు కలవవు. మధ్యలో ఒక మందపాటి ఇనుప ప్లేటు కావాలి. దాన్ని మా వీధి చివరి లేతు తాత చేసేవాడు. ప్లేటు కోయడం కష్టం కాదు, రెండిటి కేంద్రాలూ ఒక్క గీత మీద నిలపడమే కష్టం. క్రాంకు ఒకచోట, గేర్ బాక్సు షాఫ్టు ఒకచోట ఉంటే క్లచ్ ప్లేటు నెల తిరక్కుండా పగులుతుంది, పైలట్ బేరింగు అరుస్తుంది. తాత ఫ్లైవీల్‌కు డయల్ గేజ్ బిగించి, చేత్తో ఇంజన్ తిప్పుతూ ముల్లు ఎటు ఎన్ని థౌలు, అంటే అంగుళంలో వెయ్యో వంతులు, పోతోందో చూసి, రేకు ముక్కలు పెట్టి, మళ్లీ తిప్పి, అలా ఒక పూటంతా గడిపేవాడు. ఎవరైనా తొందర పెడితే గేజ్ విప్పి డబ్బాలో పెట్టేసేవాడు. క్లచ్ ప్లేటు కూడా సగం సగమే. టాటా ప్లేటుకు శక్తిమాన్ మధ్య హబ్ పెట్టి రివెట్లు కొట్టించాం.

ఇంతా అయ్యాక ఛాంబరు దగ్గర ఆగింది. ఇంజన్ కింద ఆయిల్ ఉండే భాగాన్ని మేం ఛాంబరు అనేవాళ్లం. మామూలు లారీకి ముందు యాక్సిల్ ఉత్త ఇనుప కడ్డీ. ఫోర్ వీల్ బండికి ముందు కూడా గుండు లాంటి హౌసింగు ఉంటుంది. కమాన్ పట్టీలు దిగినప్పుడల్లా ఆ గుండు పైకి లేచి ఛాంబరుకు కొట్టుకుంటుంది. ఇంజన్‌ను పైకెత్తితే బానెట్ మూతపడదు, వెనక్కి జరిపితే క్యాబిన్ గోడ అడ్డం. చివరికి ఛాంబరునే కోశారు. లోతైన భాగాన్ని ముందు నుంచి తీసేసి వెనక వైపు అతికించి, ఆయిల్ పంపు స్ట్రైనర్ పైపు అక్కడిదాకా పొడిగించారు. వెల్డింగ్ అయ్యాక లోపల కిరసనాయిలు పోసి, బయట అతుకుల మీద సుద్దపొడి రాయమన్నాడు భాయ్ నన్ను. ఎక్కడ సన్నటి సందున్నా కిరసనాయిలు పాకి తెల్లటి సుద్ద మీద మరక తేలుతుంది. మూడుచోట్ల తేలింది. మళ్లీ వెల్డింగ్, మళ్లీ సుద్ద.

ఆ బండికి వెనకాల గడ్డర్లు, ఛానళ్లతో ఎత్తు ఫ్రేమ్ కట్టి క్రేన్ చేశారు. గేర్ బాక్సు నుంచి తిరిగే విన్చి, దానికి వైరు రోప్. వెనక బరువెత్తితే ముందు చక్రాలు లేస్తాయని ముందు బంపరులో కాంక్రీటు దిమ్మ పోశారు. ఇటు మద్రాసు రోడ్డు, అటు హైదరాబాదు రోడ్డు, ఎటు లారీ తిరగబడ్డా కబురు మా షెడ్డుకు వచ్చేది. అప్పట్లో హైడ్రాలిక్ క్రేన్లు ఇన్ని లేవు. ఉన్నవి కూడా రోడ్డు దిగి బురదలోకి రావు.

1990 మే 9న తుఫాను కృష్ణా డెల్టా మీద పడింది. మర్నాడు బందరు రోడ్డు మీద కంకిపాడు దాటితే చెట్లే చెట్లు, వాటి మధ్య ఇరుక్కున్న లారీలు, కొన్నిచోట్ల రోడ్డు మీదే నీళ్లు. క్రేన్ తీసుకుని భాయ్, ఇంకో ఇద్దరు, నేను వెళ్లాం. బయల్దేరే ముందు భాయ్ రెండు పనులు చేశాడు. గాలి పీల్చే గొట్టానికి జీఐ పైపు ముక్క తగిలించి క్యాబిన్ ఎత్తుకు లేపాడు. లోతు నీళ్లు వచ్చినచోట ఆగి ఫ్యాన్ బెల్టు తీసేశాడు, లేకపోతే రెక్కలు నీటిని ఇంజన్ మీదంతా చిమ్ముతాయి. దాటాక మళ్లీ వేసేవాడు. పెట్రోలు జీపులు ప్లగ్గులు తడిసి అక్కడక్కడే ఆగిపోతుంటే, మా బండికి తడవడానికి ప్లగ్గులే లేవు. గాలి అందితే చాలు, నడుస్తుంది. తక్కువ గేరులో, నాలుగు చక్రాలూ కలిపి, ఉయ్యూరు దాటి పామర్రు దాకా చెట్లు పక్కకు లాగుతూ పోయాం. లారీ ఓనర్ల దగ్గర మావయ్య తర్వాత బిల్లు వసూలు చేశాడు. చెట్లకు ఎవరిని అడగాలో తెలియక వదిలేశాడు. చాన్నాళ్లు ఆ డీజిల్ లెక్క చెప్పి గొణిగేవాడు.

అన్నీ ఇంత గొప్పగా ఏం లేవు. గుంటూరు నుంచి ఒక కలప వ్యాపారి నిస్సాన్ వన్-టన్ తెచ్చి, పెట్రోలు పోయలేక చస్తున్నానని డీజిల్ చేయమన్నాడు. సింప్సన్ ఇంజన్ ఎక్కించాం. ఖర్చు తగ్గింది. కానీ పెట్రోలు ఇంజన్ తిరిగినన్ని చుట్లు డీజిల్ తిరగదు, యాక్సిల్‌లో అదే క్రౌన్ పినియన్ గేర్లు ఉంచితే టాప్ స్పీడు పడిపోతుంది. ఇది ముందే చెప్పినా, బండి తీసుకెళ్లాక వచ్చి పరుగు లేదని గొడవ. "అడవిలో దుంగలు మోసేదానికి పరుగెందుకు బాబూ" అన్నాడు భాయ్. ఆయనకు నచ్చలేదు, ఇంకెవరికో అమ్మేశాడు.

ఇంకో సంగతి. మా దగ్గర కొన్నవాళ్లలో చాలామంది ముందు చక్రాలకు డ్రైవ్ అందించే ప్రొపెల్లర్ షాఫ్టు పీకేయమనేవాళ్లు, టైర్లు అరుగుతున్నాయని. తారురోడ్డు మీద ముందు డ్రైవ్ కలిపి నడిపితే నిజంగానే అరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు తిరిగే దూరం వేరు, వెనకవాటిది వేరు. మట్టిలో అయితే జారి సర్దుకుంటాయి, తారు మీద జారలేక గేర్లన్నీ బిగుసుకుపోతాయి, ఆఖరికి లివరు కూడా రాదు. కాస్త రివర్స్ కొడితే వదులుతుంది. ఇది నేర్పితే సరిపోయేదానికి షాఫ్టు తీసి తుక్కులో వేయించేవాళ్లు. ఫోర్ వీల్ బండి కొనుక్కుని దాన్ని మామూలు లారీ చేసుకోవడం, ఈ ఒక్క విషయంలో మాత్రం ఆ అబ్బాయి పక్షమే నేను. మిగతా కోతలకు కారణం ఉంది. బ్లాకు దొరకదు, రంగు చట్టం ఒప్పుకోదు, క్రేన్‌కు ఫ్రేమ్ కావాలి. అవేవీ చేయకపోతే ఆ రెండో బండి ఆవడి నుంచి నేరుగా కొలిమికే పోయేది. ముప్పై ఏళ్ల తర్వాత ఎవరో వచ్చి ముచ్చటపడతారని మావయ్య దాన్ని దాచిపెట్టలేడు కదా.

ఇప్పుడు ఆ వ్యాపారం లేదు. జబల్‌పూర్‌లో శక్తిమాన్ ఆగిపోయి లేలాండ్ స్టాలియన్, టాటా బళ్లు వచ్చాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ బళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించడం లేదు, సైన్యం ప్రత్యేక వాహనాల్లాంటి కొన్నిటికి తప్ప. అవి స్క్రాపింగ్ కేంద్రాలకు పోవాల్సిందే. మా క్రేన్‌ను మావయ్య షెడ్డు ఎత్తేసేటప్పుడు కొండపల్లి వైపు క్వారీ ఆయనకు అమ్మేశాడు. నడిచే శక్తిమాన్‌ను అంతకుముందే నీళ్ల ట్యాంకర్ చేసి ఇచ్చేశాం.

భాయ్ లేడు. వాళ్ల అబ్బాయి అదే వీధిలో డీజిల్ పంపులు బాగుచేసే షాపు నడుపుతున్నాడు. ఏసీ గది, కంప్యూటర్, కామన్ రైల్ నాజిళ్లు. ఒరిజినల్ శక్తిమాన్ కావాలనే ఆ కుర్రాడి కోసం, పాత పంపు తెస్తే చేస్తావా అని మొన్న అడిగాను.

"పంపు లోపలి ఎలిమెంట్లు దొరికితే చేస్తాను బాబాయ్, టెస్ట్ బెంచ్ నాన్నది అలాగే ఉంది. కానీ వాళ్లను డబ్బులు ముందే ఇమ్మనండి. ఈ హాబీ వాళ్లు పంపు ఇచ్చి ఏడాది దాకా రారు."